కంటి ఫొటోలో తీసినవారూ ఉంటారు

పిల్లలూ! మీ కంటి రంగేమిటో చెప్పగలరా? తరగతిలో ఈ ప్రశ్న వేస్తే దాదాపు అందరూ ఒక్క గొంతుతో "నలుపండీ" అంటారు. కన్ను నిలువుకోత పటం గీసి భాగాలు గుర్తించమంటే మాత్రం అదే పిల్లలు కార్నియా నుంచి దృక్‌నాడి దాకా ఒక్కటీ వదలకుండా రాసి పూర్తి మార్కులు తెచ్చుకొంటారు. కోసిన కన్ను మనకు బాగా తెలుసు. తెరిచి ఉన్న కన్ను, అదీ మన ముఖం మీదే ఉన్నది, తెలియదు.

అందుకే ఈమధ్య మా గోపాలపట్నం పిల్లలకు పట్టుకొన్న కొత్త సరదా నాకు నచ్చింది. ఇంట్లో అమ్మదో నాన్నదో ఫోను తీసుకొని కన్నును బాగా దగ్గరగా ఫొటో తీస్తున్నారు. తమ్ముడి కన్ను, పిల్లి కన్ను, ఎదురింటివారి గేదె కన్ను, గోడమీది బల్లి కన్ను, ఏది దొరికితే అది. "మళ్లీ ఫోనేనా మాస్టారూ! మీరు కూడా వాళ్లను ఎగదోస్తే ఎలాగండీ?" అని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఎవరో తయారుచేసిన ఆటలను గంటలకొద్దీ చూస్తూ కూర్చోవడం వేరు, ఎదుట ఉన్నదాన్ని చూడడానికి ఫోనును పరికరంగా వాడుకోవడం వేరు. రెండోది భూతద్దం చేతపట్టడం లాంటిదే. భూతద్దం పట్టుకొన్న పిల్లవాణ్ణి ఎవరూ కసరరు కదా!

అయితే తీస్తున్న పద్ధతితో నాకు పేచీ ఉంది. నాకు చూపించిన ఫొటోల్లో చాలా వాటికి ఫ్లాష్ వేశారు. జంతువులవైతే ఒకరు గట్టిగా పట్టుకొంటే ఇంకొకరు తీశారు. ఇలా చేయవద్దంటాను. జాలి ఒక్కటే దీనికి కారణం కాదు. సైన్సు కూడా అదే చెబుతుంది. కన్ను రాయి కాదు, ఎండుటాకు కాదు. మనం దానికేం చేస్తే వెంటనే బదులు చెబుతుంది. వెలుగు కొడితే కనుపాప ముడుచుకొంటుంది. భయపెడితే విప్పారుతుంది. అంటే కంటి ఫొటోలో కన్ను ఒక్కటే పడదు. తీసినవారు దానికేం చేశారో అదీ పడుతుంది.

ఆ మాటకొస్తే తీసినవారు కూడా పడతారు. కంటి ముందుభాగంలో ఉన్న కార్నియా పారదర్శకమైనదే అయినా దాని పైతలం ఒక చిన్న కుంభాకార దర్పణంలా పనిచేస్తుంది. మీరు తీసిన ఫొటోను తెరమీద పెద్దది చేసి చూడండి. కనుపాప మీదో పక్కనో తెల్లటి చిన్న పలక కనిపిస్తుంది. అది మీ ఇంటి కిటికీ. ఊచలు కూడా లెక్కపెట్టవచ్చు. దాని ముందు నల్లని ఆకారం ఒకటుంటుంది, రెండు మోచేతులూ ఎత్తి. అది మీరే! ఇంగ్లండులో యార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబ్ జెంకిన్స్ ఈ సంగతిని ఊరికే వదలలేదు. మంచి కెమెరాతో మనుషుల ముఖాలు ఫొటో తీసి, వాళ్ల కళ్లలో ప్రతిబింబించిన ముఖాలను మాత్రం వేరుచేసి పెద్దవి చేశాడు. మసకమసకగా ఉన్న ఆ చిన్నచిన్న ముఖాలను చూసి కూడా, తెలిసినవారైతే ఎవరో పోల్చుకోగలిగారు. 2013లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

కంటి ఫొటోలనగానే ఈ రోజుల్లో ఒక పేరు చెప్పుకోవాలి. ఆర్మేనియా దేశంలో ఎరెవాన్ నగరానికి చెందిన సురెన్ మన్వెల్యాన్ భౌతికశాస్త్రం చదువుకొన్నవాడు, బడిపిల్లలకు పాఠాలు చెప్పినవాడు. మనుషుల కళ్లను, ఆ తర్వాత జంతువుల కళ్లను అతి దగ్గరగా ఆయన తీసిన ఫొటోలు 2010 తర్వాత ప్రపంచమంతా తిరిగాయి. ఆ ఫొటోల్లో ఐరిస్, అంటే కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం, కొండలూ లోయలూ ఉన్న ఏదో గ్రహంలా కనిపిస్తుంది. సైన్సు మాస్టారు తీశాడంటే నాకు కాస్త గర్వంగానే ఉంటుంది. కాని అలాంటి ఫొటోలు చూసిన మన పిల్లలు కొందరు, "వాళ్లవి నీలికళ్లు కనక అంత బాగా వచ్చాయి, మనవి నల్లటివి, ఏమీ కనబడదు" అని తేల్చేస్తున్నారు. ఇది సరికాదు.

మనలో చాలామందివి నల్లకళ్లు కావు. ముదురు గోధుమ రంగువి. చింతపిక్క రంగు అనుకోండి. నలుపు అనిపించేది ఎక్కువ భాగం కనుపాప. అది రంగు కాదు, రంధ్రం. లోపలికి వెళ్లిన వెలుగు మనకు తిరిగి రాదు కాబట్టి నల్లగా ఉంటుంది, బయటినుంచి చూస్తే చీకటిగదికి ఉన్న కిటికీలాగా. ఐరిస్‌లో మెలనిన్ అనే వర్ణకం ఎక్కువగా ఉంటే గోధుమ రంగు వస్తుంది. నీలికళ్లలో నీలం వర్ణకమంటూ ఏదీ లేదు. అక్కడ మెలనిన్ తక్కువ, వెలుగు చెదిరి నీలంగా కనిపిస్తుంది. ఆకాశం విషయంలో వెలుగు పరిక్షేపణం గురించి చదువుకొన్నారు కదా, దానికి దగ్గరి సంగతే ఇది.

మరి మన కళ్లలోని గీతలు ఫొటోలో పడాలంటే ఏం చేయాలి? ఎదురుగా కాక పక్కనుంచి వెలుగు రావాలి. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు కిటికీ పక్కన మనిషిని కూర్చోబెట్టండి. కిటికీ అతని చెంపవైపు ఉండాలి. ఎండ నేరుగా కంట్లో పడకూడదు, సూర్యుడివైపు అసలే చూడకూడదు. ఫోను 10, 15 సెంటీమీటర్ల దూరంలో పట్టుకోండి. అంతకంటే దగ్గరికి పోతే చాలా ఫోనులకు ప్రతిబింబం స్పష్టంగా రాదు. కంటిని మాత్రం కత్తిరించి పెద్దది చేసుకోవడం తర్వాత చేయవచ్చు. ఫోను ఊగకుండా మోచేతులు బల్లమీద ఆనించండి. తెరమీద ఐరిస్ ఉన్నచోట వేలితో తాకితే కెమెరా దానిని పట్టుకొంటుంది. లేకపోతే రెప్పవెంట్రుకలు స్పష్టంగా వచ్చి కన్ను మసకబారుతుంది. దగ్గరి ఫొటోల్లో వచ్చే చిక్కే అది. దూరంలో కొద్దిపాటి తేడా కూడా తెలిసిపోతుంది.

ఇలా తీస్తే కనిపించేవి ఆశ్చర్యంగా ఉంటాయి. కనుపాప చుట్టూ కుచ్చుల అంచు, అక్కడినుంచి బయటికి పరుచుకొన్న పోగులు, పోగుల మధ్య చిన్నచిన్న గుంటలు, అంచుకు దగ్గరగా వలయాకారపు ముడతలు. కనుపాప పెద్దదైనప్పుడు ఐరిస్ వెనక్కి జరిగి మడతలు పడుతుంది. తెర పక్కకు లాగినట్టు. మీ కుడికన్ను, ఎడమకన్ను ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడండి. రంగు ఒక్కటే అయినా గీతలు ఒక్కటి కావు. కవలపిల్లల్లో కూడా ఇంతే.

ఇప్పుడు అసలు ప్రయోగం. మనుషుల ఐరిస్ అడ్డుకొలత దాదాపు 12 మిల్లీమీటర్లు. ఒకరికీ ఇంకొకరికీ పెద్దగా తేడా ఉండదు. కాబట్టి కంటి పక్కన స్కేలు పెట్టనక్కర లేదు, కంట్లోనే స్కేలుంది! ఫొటోలో ఐరిస్ వెడల్పు 60 మిల్లీమీటర్లు, కనుపాప వెడల్పు 20 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. అసలు కనుపాప 4 మిల్లీమీటర్లన్నమాట. కిటికీ తలుపు పూర్తిగా తెరిచి ఒక ఫొటో, సగం మూసి, కన్ను అలవాటు పడేదాకా కాసేపు ఆగి ఇంకొక ఫొటో తీయండి. ఎంత మారిందో లెక్కకట్టండి. ఎదుటివారిని మీ ఫోనువైపు కాక మీ భుజం మీదుగా దూరపు గోడవైపు చూడమనండి, ఎందుకంటే దగ్గరి వస్తువును చూసినా కనుపాప చిన్నదవుతుంది. ఇంకో తమాషా: వెలుగు మార్చకుండా అతని ఎడమకంటిని అతని అరచేత్తోనే మూయమని కుడికంటి ఫొటో తీయండి. మూసింది ఎడమకన్ను, పెద్దదయ్యేది కుడి కనుపాప! రెండు కళ్ల వెలుగునూ మెదడు కలిపి లెక్క చూసుకొంటుంది. పాఠ్యపుస్తకంలోని అడ్డుకోత పటంలో ఈ సంగతి ఎక్కడా ఉండదు.

ఇప్పుడు చెప్పండి, ఫ్లాష్ వేస్తే ఈ ప్రయోగం ఏమవుతుంది? మీరు కొలవాలనుకొన్న కొలతనే ఫ్లాష్ మార్చేస్తుంది. కొన్ని కెమెరాలు అసలు ఫ్లాష్‌కు ముందు ఒక చిన్న ఫ్లాష్ వేసేది అందుకోసమే. కనుపాపలను ముందుగానే కుదించడానికి. మామూలుగా నాలుగైదు అడుగుల దూరంనుంచి వేసిన ఫ్లాష్‌తో కళ్లు పోతాయని నేను అనడం లేదు. కాని దూరం తగ్గితే ఏమవుతుందో మీకు తెలుసు. ఒక మీటరు దూరం నుంచి 10 సెంటీమీటర్ల దూరానికి వస్తే వెలుగు తీవ్రత ఇంచుమించు 100 రెట్లవుతుంది. విలోమవర్గ నియమం. అది తెలిసిన పిల్లలు కూడా చెల్లెలి కంటికి అంగుళాల దూరంలో ఫ్లాష్ వేస్తారెందుకో! లేజరు దీపాల మాట ఇక చెప్పనక్కర లేదు. సంతలో ఆటవస్తువుగా అమ్మేదైనా సరే, కంటివైపు తిప్పకూడదు.

ఫ్లాష్ వల్ల ఫొటోల్లో వచ్చే ఇంకొక మార్పు మీకు పరిచయమే. రాత్రి పెళ్లి ఫొటోల్లో కొందరి కళ్లు ఎర్రగా వెలుగుతుంటాయి. చీకట్లో విప్పారి ఉన్న కనుపాపలోంచి వెలుగు లోపలికి దూకి, కంటి వెనకగోడను తాకి, అదే దారిన తిరిగి వస్తుంది. ఆ గోడంతా రక్తనాళాలు. అందుకే ఎరుపు. మన ఒంట్లో రక్తనాళాలు కోయకుండా, కుట్టకుండా నేరుగా కంటితో చూడగల చోటు కంటి లోపలి గోడ. 1851లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్‌జ్ లోకానికి తెలియజేసిన పరికరం ఆఫ్తాల్మోస్కోపు పనిచేసేది ఈ సూత్రం మీదనే. ఇప్పుడు ఆసుపత్రుల్లో మధుమేహం ఉన్నవారి కంటి వెనకగోడను ఫొటో తీసి, చూపు దెబ్బతినక ముందే ప్రమాదాన్ని పసిగడుతున్నారు.

ఎరుపు మామూలే. తెలుపు మామూలు కాదు. ఇక్కడ కాస్త ఆగి చదవండి. చిన్నపిల్లల ఫ్లాష్ ఫొటోల్లో ఒక కనుపాప ఎర్రగానో నల్లగానో ఉండి, రెండోది తెల్లగా, పిల్లికన్ను మెరిసినట్టు కనిపించడం ఒకొక్కప్పుడు జరుగుతుంది. ఫొటో తీసిన కోణం వల్ల కూడా అలా రావచ్చు. పసిపిల్లలకు వచ్చే కంటిపొర వల్ల కావచ్చు. కాని రెటీనోబ్లాస్టోమా అనే కంటి కాన్సరుకు కూడా అది గుర్తు కావచ్చు. ఆ జబ్బు ఎక్కువగా అయిదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. త్వరగా కనిపెడితే ప్రాణం దక్కుతుంది, చాలాసార్లు చూపూ దక్కుతుంది. ఆలస్యమైతే రెండూ కష్టమే. అమెరికాలో బేలర్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యుడు బ్రయాన్ షా కొడుక్కు ఈ జబ్బు వచ్చింది. ఆయన ఇంట్లో ఉన్న వేలాది ఫొటోలను తేదీలవారీగా వరసపెట్టి చూశాడు. డాక్టర్లు జబ్బును గుర్తించింది బిడ్డకు నాలుగో నెలలో. తెల్లటి మెరుపు మాత్రం 12 రోజుల పసికందుగా ఉన్నప్పటి ఫొటోలోనే ఉంది! 2013లో ఆ పరిశీలనను ప్రచురించాడు. ఆ తర్వాత ఫొటోల్లో తెల్లకనుపాపను వెతికే ఫోను ప్రోగ్రాము కూడా తయారుచేశాడు.

దీనికోసం పసిపిల్లల కళ్లలో ఫ్లాష్ వేసి చూడమని నా అర్థం కాదు. అది డాక్టర్లు చూసుకొనే పని. మీరు చేయవలసింది, బారసాలదో అన్నప్రాశనదో ఇంట్లో ఇప్పటికే ఉన్న ఫొటోలు తీసి చూడడం. తెల్లకనుపాప కనిపిస్తే, ముఖ్యంగా ఒకటి కంటే ఎక్కువ ఫొటోల్లో ఒకే కంట్లో కనిపిస్తే, భయపెట్టే మాటలు ఆడకుండా పెద్దలకు చూపించండి. వాళ్లు ఆ ఫొటో పట్టుకొని కంటి డాక్టరు దగ్గరికి బిడ్డను తీసుకొనిపోవాలి. పసరు పోయించడం, తాయెత్తు కట్టించడం, "పెద్దయ్యాక అదే పోతుందిలే" అనడం కుదరదు. మన విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు 1987లో హైదరాబాదులో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థకు ఇక్కడ కూడా ఆసుపత్రి ఉంది. దూరం అన్న సాకు మనకు లేదు.

ఇక కన్ను ఎవరిది అన్న ప్రశ్న. నవ్వకండి. ఇది పెద్ద ప్రశ్నే. ఆధార్ కార్డుకోసం మీ కళ్లను ఒక పెట్టెలాంటి దానిలోకి చూడమన్నారు కదా? అది కెమెరానే. మనకు కనబడని పరారుణ కాంతితో ఐరిస్ ఫొటో తీస్తుంది. మామూలు వెలుగులో మెలనిన్ చాటున దాగిన గీతలు ఆ కాంతిలో బయటపడతాయి. అయిదేళ్లు నిండాక ఒకసారి, 15 ఏళ్లు నిండాక మళ్లీ ఒకసారి వేలిముద్రలతోపాటు దీన్నీ ఇవ్వాలి. మీలో చాలామందికి ఆ రెండోసారి దగ్గరపడింది. సిమెంటు పనిచేసి, అంట్లు తోమి వేలిముద్రలు అరిగిపోయినవారికి ఈ కంటి ముద్రే ఆధారం.

1984లో పాకిస్తాన్‌లో పెషావరు దగ్గరి కాందిశీకుల శిబిరంలో స్టీవ్ మెకర్రీ అనే ఫొటోగ్రాఫరు ఒక ఆఫ్ఘన్ బాలికను ఫొటో తీశాడు. మరుసటి సంవత్సరం జూన్‌లో అది నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ముఖచిత్రమైంది. ఆమె ఆకుపచ్చని కళ్లను ప్రపంచమంతా చూసింది. ఆమె పేరు మాత్రం ఎవరికీ తెలియదు. 2002లో వెతికి పట్టుకొన్నప్పుడు, ఈమె ఆమేనా అని తేల్చినవాటిలో ఐరిస్ పోలిక ఒకటి. కేంబ్రిడ్జిలో ఐరిస్ గుర్తింపు లెక్కలు కనిపెట్టిన జాన్ డాగ్‌మన్ పాత ఫొటోలోని గీతలను కొత్త ఫొటోలోని గీతలతో సరిపోల్చి, ఒకరే అన్నాడు. ఆమె పేరు షర్బత్ గులా. పదిహేడేళ్లపాటు లోకమంతా చూసిన ఆ ఫొటోను ఆమె అప్పటిదాకా చూడనే లేదు! ఎవరో తెలియని మనిషి తనను ఫొటో తీసినందుకు ఆనాడు కోపం వచ్చిందని ఆమె గుర్తుచేసుకొంది.

అందుచేత స్నేహితుడి కన్ను ఫొటో తీస్తే ముందు అడగండి. తీశాక చూపించండి. వద్దంటే చెరిపేయండి. పదిమందికి పంపాలంటే మళ్లీ అడగండి. "కన్నేగా, ముఖం కాదుగా" అనకండి. ముఖం పదేళ్లలో మారిపోతుంది, ఐరిస్ గీతలు అంత తేలిగ్గా మారవు. 2017లో జర్మనీలోని కేయాస్ కంప్యూటర్ క్లబ్ వాళ్లు ఒక ఫొటోనూ, మామూలు కాంటాక్టు లెన్సునూ కలిపి, కన్ను చూస్తేగాని తెరుచుకోని ఫోనును మోసపుచ్చి చూపించారు.

జంతువు అడిగితే చెప్పదు కాబట్టి దాని విషయంలో మన బాధ్యత ఇంకా ఎక్కువ. మన పల్లెల్లో పిల్లలు తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయడం, తొండను రాళ్లతో తరమడం పాత ఆటలు. ఫోను వచ్చాక దానికి ఫొటో తోడయింది. పట్టుకొన్న జంతువు భయంతో ఉంటుంది. భయంలో ఒంట్లో అడ్రినలిన్ పెరిగి కనుపాప విప్పారుతుంది. పట్టపగలు పిల్లి కనుపాప సన్నని గీతలా ఉండాలి. కాళ్లు కట్టినట్టు పట్టుకొని తీసిన ఫొటోలో గుండ్రంగా, నల్లగా వచ్చిందనుకోండి. అది చూసి "పిల్లి కనుపాప గుండ్రం" అని రాస్తే అబద్ధం రాసినట్టే. అదే పిల్లి కిటికీలో కునికిపాట్లు పడుతుంటే దూరంగా కూర్చొని, జూమ్ చేసి తీయండి. గీత దొరుకుతుంది. సాయంత్రం దీపాలు పెట్టేవేళ అదే గీత వెడల్పవుతుంది. కనుపాప పూర్తిగా మూసినప్పటికీ, తెరిచినప్పటికీ మధ్య వైశాల్యంలో తేడా మనిషికి 15 రెట్లయితే పిల్లికి 135 రెట్లు. అందుకే అది ఎండలోనూ పడుకోగలదు, అర్ధరాత్రి ఎలుకనూ పట్టగలదు.

పిల్లి కళ్లు రాత్రి మెరిసేది రెటీనా వెనక ఉన్న టపీటం అనే అద్దంలాంటి పొరవల్ల. గేదెకూ, మేకకూ, కుక్కకూ అది ఉంది. మనకు లేదు, పందికి లేదు. రోడ్డుమీద లారీ దీపాల వెలుగులో మెరిసేవి పశువుల కళ్లు, మనవి మెరవవు. వీధికుక్క జోలికి మాత్రం ఫొటోకోసం పోకండి. దాని కాటు ఎంత ప్రమాదమో మీకు తెలుసు.

తూనీగను పట్టుకోకుండా ఫొటో తీయడమెలా? చలికాలం తెల్లవారుజామున వెళ్లండి. మంచు తడితో గడ్డిపోచ మీద కదలకుండా ఉంటుంది. ఎండ తగిలి ఒళ్లు వెచ్చబడేదాకా ఎగరదు. కంటినిండా తేనెపట్టు గదుల్లాంటి చిన్నచిన్న కళ్లు, కొన్ని జాతుల్లో దాదాపు 30,000 దాకా. వాటి మధ్య ఒక నల్లచుక్క కనిపిస్తుంది. మీరు కుడికి జరిగితే చుక్క కుడికి జరుగుతుంది, ఎడమకు జరిగితే ఎడమకు. తూనీగ మిమ్మల్ని గుడ్లప్పగించి చూస్తున్నట్టుంటుంది. నిజానికి అది కనుపాప కాదు. వేల గదుల్లో ఏవి సరిగ్గా మీవైపు తిరిగి ఉన్నాయో అవి మీవైపునుంచి వచ్చే వెలుగును మింగేసి నల్లగా కనిపిస్తాయి. మిడత కంట్లో కూడా ఇదే చూడవచ్చు. ఇక్కడ కూడా, చూశారా, ఫొటో తీసినవారు ఎక్కడ నిలబడ్డారో ఫొటోయే చెప్పేస్తోంది.

బల్లికి ఇంత తెల్లవారుజామున లేవనక్కర లేదు. ట్యూబులైటు పక్కన పురుగులకోసం కాచుకొని ఉంటుంది. దాని కనుపాప నిలువుగీత, అంచులు వంకరటింకరగా ఉంటాయి. రెప్పలు లేవు. కంటిమీద దుమ్ము పడితే నాలుకతో తుడుచుకొంటుంది. ఓపికపడితే ఆ ఫొటో కూడా దొరుకుతుంది. చీపురుకట్టతో కదపాలనుకొన్నారా, తోక తెగుతుంది, ఫొటో రాదు.

పాము కంట్లో ఫొటో ఉంటుందని మీ అమ్మమ్మ చెప్పే ఉంటుంది. జంటను చంపినవాడి బొమ్మ నాగుపాము కంట్లో అచ్చుపడుతుందనీ, పన్నెండేళ్లయినా వెతుక్కొంటూ వస్తుందనీ, అందుకే చచ్చిన పాము తల చితక్కొట్టాలనీ అంటారు. సినిమాల్లో ఆ బొమ్మను చూపించారు కూడా. పాముకు పగ లేదు, కంట్లో ఫొటో లేదు. కాని ఈ ఊహ మన దగ్గరే పుట్టిందనుకోకండి. యూరపులో 19వ శతాబ్దంలో హత్యకు గురైనవారి కంట్లో హంతకుడి బొమ్మ ఉంటుందని నమ్మినవారు చాలామంది. వెలుగు పడితే రెటీనాలోని ఎర్రని పదార్థం తెల్లబడుతుందని 1876లో ఫ్రాంజ్ బోల్ కనిపెట్టాక హైడెల్‌బర్గులో విల్‌హెల్మ్ క్యూనె ఒక ప్రయోగం చేశాడు. కుందేలును చీకట్లో ఉంచి, తర్వాత ఊచల కిటికీవైపు మూడు నిమిషాలపాటు దాని తల తిప్పి పట్టుకొని, వెంటనే తల నరికి, కంటి పొరను పటిక ద్రావణంలో వేశాడు. ఆరాక చూస్తే కిటికీ బొమ్మ ఉంది, ఊచలతో సహా! కన్ను కెమెరాలాంటిదని దానితో రుజువయింది. బతికున్న కంట్లో అలాంటి గుర్తు నిలవదనీ, ఎప్పటికప్పుడు చెరిగి కొత్తది వస్తుందనీ కూడా తెలిసింది. సైన్సుకు అది పెద్ద అడుగే. ఆ కుందేలు చివరిగా చూసిన వస్తువు మాత్రం ప్రయోగశాల కిటికీ. ఈనాడు అదే కిటికీ బొమ్మను మీ తమ్ముడి కార్నియా మీద, అతను నవ్వుతుండగా, ఎవరికీ నొప్పి లేకుండా మీరు ఫొటో తీయగలరు. అందుకే పట్టుకొని తీసేవాళ్లతో నాకు ఇంత పేచీ.

జూలో కూడా ఇదే మాట. మన ఇందిరాగాంధీ జూ పార్కులో నిద్రపోతున్న జంతువు కన్ను తెరవాలని కంచె మీద కొట్టేవాళ్లను ఆదివారంనాడు చూడవచ్చు. పెద్దవాళ్లే, చదువుకొన్నవాళ్లే. ఎవరూ తెమ్మనకపోయినా సిగ్గు కాస్త వెంట తెచ్చుకోవలసింది. పెద్దపులి కనుపాప ఇంటిపిల్లిలా నిలువుగీత కాదు, గుండ్రం. అది లేచినప్పుడు చూసి రాసుకోండి. లేవకపోతే మరో ఆదివారం. సింహాచలం కొండ దిగువన, కంబాలకొండ అడవిలో ఉడుములూ గుడ్లగూబలూ ఉంటాయి. వాటిని పట్టుకోవడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

దగ్గరగా చూడాలన్న కోరిక తీరడం లేదా? చేపలున్నాయి కదా. ఫిషింగ్ హార్బరు నుంచి గంపలు ఇంటిముందుకే వస్తాయి. కూరకు తెచ్చిన వంజరమో చందువానో శుభ్రంచేసేముందు తల అడిగి తీసుకోండి. 5 సెంటీమీటర్ల నాభ్యంతరం ఉన్న చిన్న భూతద్దాన్ని ఫోను కెమెరాకు ఆనించి, 5 సెంటీమీటర్ల దూరంనుంచి తీయండి. మనిషి కంటికి ఇంత దగ్గరగా గాజు తేవద్దన్నానుగాని చేపకు అభ్యంతరం లేదు. తాజా చేప కన్ను ఉబ్బి, తేటగా ఉంటుంది. నిలవ ఉన్నది గుంటపడి, మసకబారుతుంది. ఈ లెక్క సైన్సు చదవని మీ అమ్మకు మీకంటే బాగా తెలుసు. దాని కటకం మనదిలా కాయధాన్యపు గింజ ఆకారంలో ఉండదు, గోళీలా గుండ్రంగా ఉంటుంది. నీటిలో కార్నియా వెలుగును దాదాపు వంచలేదు కనక మొత్తం పని కటకమే చేయాలి మరి. పులుసులో ఉడికాక ఆ గోళీ తెల్లటి ముత్యంలా అయిపోతుంది, గుడ్డులోని తెల్లసొన గట్టిపడినట్టే.

ఫొటో కింద నాలుగు సంగతులు రాయడం మరవకండి. ఏ ప్రాణి, ఏ రోజు ఎన్ని గంటలకు, వెలుగు ఎటునుంచి, మీరెంత దూరంలో ఉన్నారు. ఇవి లేని ఫొటో ఎంత అందంగా ఉన్నా మా బడి సైన్సు గదిలో గోడకెక్కదు.

చివరిగా మేక. మేక కనుపాప అడ్డంగా, దీర్ఘచతురస్రంలా ఉంటుంది. గొర్రెదీ, గుర్రానిదీ కూడా అడ్డమే. అమెరికాలో బర్కిలీకి చెందిన మార్టిన్ బ్యాంక్స్, ఇంగ్లండులో డర్హంకు చెందిన గోర్డన్ లవ్ మొదలైనవారు 214 రకాల నేలజంతువుల కళ్లను పరిశీలించి 2015లో ఒక మాట చెప్పారు. పొంచి ఉండి వేటాడే చిన్నజంతువులకు ఎక్కువగా నిలువు కనుపాప, మేతమేసే జంతువులకు అడ్డం కనుపాప. అడ్డంగా ఉంటే నేల వెంబడి నలువైపులా శత్రువును కనిపెట్టడానికి వీలు. సరే, మరి గడ్డికోసం మేక తల కిందికి దించితే ఆ గీత నిలువైపోవాలి కదా? అప్పుడు దానివల్ల లాభమేమిటి? వాళ్లకూ ఇదే సందేహం వచ్చింది. తల వంచినకొద్దీ మేక కన్ను గూటిలో 50 డిగ్రీల దాకా తిరిగి, కనుపాపను నేలకు సమాంతరంగానే నిలుపుకొంటుందని తేలింది. అప్పన్నకు మొక్కుగా సమర్పించే కోడెదూడలు కొండ దగ్గర మీకు కనిపిస్తాయి, మేకలు మన వీధిలోనే తిరుగుతాయి. మేక తలెత్తి నెమరువేస్తున్నప్పుడు ఒక ఫొటో, తల దించి మేస్తున్నప్పుడు ఒక ఫొటో, రెండూ పక్కనుంచి, దూరంగా కూర్చొని, ఫ్లాష్ లేకుండా తీయండి. కోణమానిని పెట్టి కొలవండి. దూడ కన్ను బాగా నల్లన, కనుపాప పోల్చుకోవడం కష్టం. పక్కవెలుతురు ఉంటే దొరకవచ్చు. దూడది కూడా మేకదంతా తిరుగుతుందో లేదో మీరు కొలిచి రాయండి.